ఎదుటి పార్టీ ప్లీడరు

ముసలి ప్లీడరు షెడ్డులోకి రాగానే తౌఫీక్ చేతిలో స్పానరుతోనే లేచాడు.

"మళ్లీ ఎందుకొచ్చారు?"

"ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను బాబూ. నీ పిల్లాడి ఒంటిమీద ఏదైనా గుర్తుందా?"

తౌఫీక్ వెనక్కి తిరిగి నట్టు బిగించసాగాడు.

"పోలీసు కాగితంలో ఆరు రోజుల మగబిడ్డ, చామనఛాయ అని రాసి ఊరుకున్నారు. అలాంటి పిల్లలు ఎంతమంది లేరు? పోనీ, ఫొటో ఏమైనా ఉందా?"

"నలభై రోజులు వెళ్లందే మేం ఫొటో తియ్యం. దిష్టి తగులుద్ది."

"అయితే గుర్తే చెప్పు బాబూ. నీ నోటితో చెప్పు."

"ముందు బయటికి నడవండి!"

ప్లీడరు రామకోటేశ్వరరావు గారు నల్లకోటు చంకలో పెట్టుకుని ఆటోనగర్ దుమ్ములో పడి వెళ్లిపోయారు.

"శభాష్ తౌఫీక్!" అన్నారు పక్క షెడ్డువాళ్లు.

గుర్తు లేక కాదు. పిల్లాడి ఎడమకాలి చివరి రెండు వేళ్లు అతుక్కుని ఉన్నాయి. ఫిర్యాదు రాయించిన రోజు గాభరాలో ఆ మాటే తోచలేదు. తర్వాత చెబుదామని వెళితే, "దొంగ దొరికిందిగా, ఇంకా ఏంటయ్యా?" అని స్టేషన్ గుమ్మంలోంచే పంపేశారు.

దొంగ అంటే అంకాలమ్మ. నర్సింగ్ హోంలో ఆయా. పిల్లాడికి నీళ్లుపోసి ఉయ్యాల్లో పడుకోబెట్టింది తనే. తౌఫీక్ భార్య గుల్షన్ కునుకు తీసి లేచేసరికి ఉయ్యాల ఖాళీ. రెండోరోజుకల్లా అంకాలమ్మ జైల్లో ఉంది.

ఇక చూడండి, ఊరు ఊరంతా డిటెక్టివులే! మద్రాసు పార్టీకి అమ్మేసిందని సిటీ బస్సులో ఒకడు. కాదు, బలిచ్చేశారని కూరల బజార్లో ఒకావిడ. పేపరు జిల్లా పేజీలో పూటకో కథ. అసలు ఆ ముసల్ది చేసిందా అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అంకాలమ్మ తరఫు కేసు మాకొద్దన్నారు ప్లీడర్లంతా. తీసుకున్నది రామకోటేశ్వరరావు గారొక్కరే, అదీ ఫీజు లేకుండా.

"ఊరికే ఎందుకు తీసుకుంటాడండీ? ముఠాలో వాడే అయ్యుంటాడు" అని తేల్చేసింది ఊరు.

టీ కొట్టు రత్తయ్య అయితే తౌఫీక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పాడు.

"నా పొలం గట్టు దావా పన్నెండేళ్లు నడిచింది, అనుభవంతో చెప్తున్నా. ఎదుటి పార్టీ ప్లీడరు దగ్గర నోరిప్పావా, కొంప మునిగినట్టే. ఆ గుర్తున్న పిల్లాణ్ణి ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చి, ఇదిగో నీ బిడ్డ, మా అంకాలమ్మని వదిలెయ్యండి అంటాడు!"

టీ తాగుతున్నవాళ్లంతా తలలూపారు. తౌఫీక్‌కీ సబబుగానే తోచింది.

ఇంట్లో గుల్షన్ రొమ్ముల్లో పాలు గడ్డకట్టి జ్వరంతో మూలుగుతోంది.

"చెప్తే ఏం పోతుంది?" అంది.

"కోర్టు సంగతులు నీకేం తెలుసు, పడుకో!" అని కసిరాడు.

ప్లీడరు నాలుగుసార్లు వచ్చారు. నాలుగుసార్లూ వెళ్లగొట్టాడు. ఆ తర్వాత కబురొచ్చింది. నూజివీడు బస్టాండులో గుండె పట్టుకుని కూలబడ్డారట, అక్కడికక్కడే పోయారట.

"దేవుడున్నాడు!" అన్నాడు రత్తయ్య.

బిడ్డ కనపడకుండా పోయాక తౌఫీక్ నవ్వింది ఆ పూటే.

నెల రోజులకి ప్లీడరు గారి గుమాస్తా మరియదాసు గుడ్డసంచితో షెడ్డుకొచ్చాడు.

"అమ్మగారు మీకిచ్చి రమ్మన్నారండీ."

"నాకెందుకు? అంకాలమ్మ కొత్త ప్లీడరుకివ్వు."

"కొత్త ప్లీడరెక్కడండీ? ఎవరూ ముందుకు రాలేదు."

సంచిలో బస్సు టిక్కెట్లు. గుడివాడ, అవనిగడ్డ, నూజివీడు, మైలవరం. వాటితో ఒక నోటుబుక్కు, నిండా అనాథాశ్రమాల పేర్లు. ఒకచోట తౌఫీక్ వేలు ఆగిపోయింది.

'మైలవరం దగ్గర ఆశ్రమం. గేటు ముందు వదిలిపోయిన మగబిడ్డ. ఎడమకాలి చివరి రెండు వేళ్లు కలిసి ఉన్నాయి. తండ్రిని అడగాలి.'

కింద నాలుగు తేదీలు. ప్రతి తేదీ పక్కనా 'అడిగాను, చెప్పలేదు' అని ఉంది.

"ఈయనకి ముందే తెలుసా?" అని అడిగాడు తౌఫీక్.

"నీళ్లుపోసిన మనిషి కదండీ, అంకాలమ్మ చెప్పింది. ముద్దాయి మాట కోర్టు నమ్మదుగా. తాను ముందే ఆ గుర్తు బయటపెడితే మీకు నేర్పించి చెప్పించానంటారు, తండ్రి నోటితోనే రావాలి అనేవారండీ."

తౌఫీక్ చేతుల గ్రీజు కూడా కడుక్కోలేదు. మైలవరం బస్సెక్కాడు. దారి పొడవునా అల్లాని వేడుకుంటూనే ఉన్నాడు.

ఆశ్రమం నడిపే శౌరమ్మ గారు ఆ వేళ్లమాట వినగానే నెత్తి కొట్టుకున్నారు.

"పదిహేను రోజుల కిందటే ఇచ్చేశామయ్యా! పిల్లల్లేని దంపతులు, బొంబాయి వైపు వాళ్లు. వాళ్లిచ్చిన అడ్రసుకి ఉత్తరం రాస్తే తిరిగొచ్చేసింది."

"ఎందుకిచ్చారమ్మా? నా బిడ్డ! ఎందుకిచ్చారు?" పిచ్చివాడిలా అరిచాడు తౌఫీక్.

"ఎన్నాళ్లని ఆపను నాయనా? వారం వారం ఒక పెద్దాయన వచ్చేవారు. తండ్రి తప్పకుండా వస్తాడమ్మా, కాస్త ఓపిక పట్టండి అని బతిమాలేవారు. ఆయనా రావడం మానేసేసరికి, ఇక ఎవరూ రారనుకున్నాం."

శౌరమ్మ గారు వచ్చిపోయేవాళ్ల పుస్తకం తెచ్చి ముందుపెట్టారు.

రామకోటేశ్వరరావు గారి సంతకం ఉన్న ప్రతిచోటా, 'ఎవరి తరఫున వచ్చారు' అన్న గడిలో ఒకటే రాసి ఉంది: 'బిడ్డ తండ్రి తౌఫీక్ తరఫున'.