ఎర్రబడని బ్యాండు

ఇప్పుడు ఆసుపత్రిలో ప్రతి నర్సు మణికట్టుకూ ఒక బ్యాండు ఉంటుంది. మనసు బరువెక్కితే అది ఎర్రగా వెలుగుతుంది. వెంటనే సెలవిచ్చి ఇంటికి పంపేస్తారు. ఆ పొద్దున నర్సు ఎస్తేరు చేతుల్లోనే ఆరేళ్ళ పాప పోయింది. బ్యాండు మాత్రం పచ్చగానే ఉంది.

"ఇది పాడైనట్టుంది మేడమ్, ఇంకోటివ్వండి," అంది మేట్రన్‌తో.

మేట్రన్ దాన్ని విప్పి, పాప మంచం తుడుస్తున్న ఆయా నూకాలు చేతికి పెట్టింది. క్షణంలో ఎర్రబడింది.

"నిన్న పాప నన్ను జడెయ్యమందండీ," అంటూ నూకాలు కళ్ళొత్తుకుంది.

"బ్యాండు బాగానే ఉందమ్మా," అంది మేట్రన్ ఎస్తేరుతో, తన మణికట్టు మీది పచ్చ వెలుగును అరచేత్తో కప్పుకుంటూ. "సెలవు నీకే కావాలి."

ఎస్తేరు ఇంటికి వెళ్ళలేదు. నూకాలు పక్కన కూర్చుంది.

"ఆ జడ సంగతి మళ్ళీ ఒకసారి చెప్పు నూకాలూ."