కమ్మీకి కట్టిన మఫ్లరు

"ఏమండీ, ఆ మఫ్లరు తీసి మీ ముందున్న కమ్మీకి కట్టండి. లేకపోతే మీ చోటు పోతుంది."

క్విరిన్ కదల్లేదు. దూరంగా వేదిక మీది ఎర్రటి తెరనే చూస్తున్నాడు. హెర్మీనా వెనకనుంచి భుజం తట్టింది.

"మిమ్మల్నే! ఏ ఊరు మీది?"

ఆయన తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు. "టిరోల్ కొండలమ్మా. వియన్నా రావడం ఇదే మొదలు."

"అనుకున్నాను. ఒపేరాలో నిలబడి చూసేవాళ్లకు మఫ్లరు కట్టిన చోటే సొంతం. మంత్రిగారొచ్చినా దాన్ని కదపరు." ఆవిడే మఫ్లరు అందుకుని ముడేసింది. "మరీ అలా తేరిపార చూడకండి. ఈ వయసులో నా మూతికి ఏం అందముందని!"

క్విరిన్ సిగ్గుపడి నవ్వాడు. "పల్లెటూరివాణ్ణి. ఏమనుకోకండి."

"ఎవరి పాట కోసం వచ్చారు?"

"రోస్విత. మా అమ్మాయి."

"రోస్విత తండ్రా మీరు! ఇన్నేళ్లలో ఒక్కసారీ కనబడలేదే?"

ఆయన కాసేపు మఫ్లరు అంచు సవరించాడు.

"చర్చిలో పాడేదమ్మా. దేవుడిచ్చిన గొంతు దేవుడికే అన్నాను. టికెట్టు పెట్టి అమ్ముకుంటావా అన్నాను. ఏటా పిలిచింది. రాలేదు."

"మరి ఇప్పుడు?"

"పిట్టలకూ ఆయనే ఇచ్చాడు కదా గొంతు. అవి చర్చిలోనే కూస్తున్నాయా? ఇంత చిన్న సంగతి నాకు ఆలస్యంగా తట్టింది."

దీపాలు తగ్గుతున్నాయి. హెర్మీనా దగ్గరికి వంగింది. "నా మాట విని, మీ అమ్మాయి పాడేటప్పుడు కళ్లు మూసుకోండి. అప్పుడే అసలు రుచి."

"వద్దమ్మా. తెరిచే ఉంచుతాను."

రోస్విత వచ్చింది. తెల్లటి గౌనులో, అచ్చం తల్లిలా. క్విరిన్ రెప్ప వేయలేదు. డోళ్లు మోగినప్పుడల్లా అరచేతులు కమ్మీకి ఇంకా గట్టిగా ఆనించాడు. చెంపలు తడిసిపోయాయి.

"ఆ పై స్వరం ఎలా నిలబెట్టిందో చూశారా!" హెర్మీనా గుసగుసలాడింది. ఆయన వేదిక మీదినుంచి చూపు తిప్పలేదు. మైమరచిపోయాడు పాపం అనుకుంది.

పాట ముగిసి హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది. క్విరిన్ అటూ ఇటూ ఒకసారి చూసి, తనూ చప్పట్లు కొట్టాడు.

తెర పడ్డాక హెర్మీనా మఫ్లరు విప్పి ఆయన చేతిలో పెట్టింది. "ముప్పై ఏళ్లుగా వస్తున్నాను. ఇంత ఏకాగ్రతగా వినేవాణ్ణి చూడలేదు."

"ముందే రావలసింది," అన్నాడు తల దించుకుని.

పక్క గుమ్మం దగ్గర, ఆదివారం సాయంత్రపు వెలుగులో, రోస్విత పరుగున వచ్చి వాటేసుకుంది. భుజంలో ముఖం దాచుకుని ఏదో అంటోంది. క్విరిన్ ఆమె గడ్డం పట్టుకుని మెల్లగా పైకెత్తాడు.

"ఇటు చూసి చెప్పు తల్లీ."

"ఫోన్ చేస్తే ఎప్పుడూ పశువుల కొట్టంలో ఉన్నావనేది అమ్మ. నీ కోపం పోలేదనుకున్నాను నాన్నా."

"ఎప్పుడో పోయింది."

"నా పాట విన్నావా?"

"విన్నాను."

"ఎలా ఉంది? నిజం చెప్పు."

"చిన్నప్పుడు చర్చిలో పాడినట్టే ఉంది. ఏమీ మారలేదు."

"అదేంటి నాన్నా! నా గొంతు బాగా మారిందంటారే అందరూ?" కళ్లు తుడుచుకుంటూ నవ్వింది రోస్విత.

రెండు చలికాలాలుగా క్విరిన్‌కు చర్చి గంట కూడా వినబడడం లేదు.