తీసేసిన పేజీ

“ఒక పేజీ తక్కువున్నది బిడ్డా,” అంది ఫోన్‌లో మంగమ్మ.

హర్షిత ప్రాణం ఉసూరుమంది. సాయంత్రం ఆరింటికల్లా ఫైల్ ప్రచురణకర్తకు వెళ్లాలి. వెళ్లిందంటే పుస్తకం అలాగే అమ్మకానికి పోతుంది.

భద్రాచలంలో గోదావరి ఒడ్డున ఉండే మంగమ్మ, ఏటేటా తన ఇంటికొచ్చిన వరద గురించి రాసిన పుస్తకమది. ఏడాదికొక పేజీ. మొదట దాన్ని ఈ-బుక్ చేసిన మహానుభావుడెవరో గానీ, ప్రతి వాక్యాన్నీ మేకు కొట్టినట్టు ఉన్నచోటే బిగించేశాడు. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేద్దామంటే కదలవు. చూపు తగ్గిన మంగమ్మ తన పుస్తకం తానే చదువుకోలేకపోయింది. ఖమ్మం ఖానాపురం హవేలిలో ఇంట్లోనే కూర్చుని ఇలాంటివి బాగుచేసే హర్షిత, పది రోజులు కోడ్‌తో కుస్తీ పట్టి ఆ మేకులన్నీ పీకింది. ఇప్పుడు అక్షరాలు ఎంత పెంచితే అంత పెరుగుతాయి, వాక్యాలు తెర వెడల్పుకు తగ్గట్టు సర్దుకుంటాయి. ఒకసారి చూసుకొమ్మని పొద్దున్నే మంగమ్మకు పంపింది.

“ఆ పేజీల ఒక్క అక్షరం లేదు అవ్వా. ఉత్త కోడే ఉన్నది. తీసేసిన.”

“మిగిలిన పేజీల కింద జాగా గూడ తీసేసినవ్ గదా?”

“సగం సగం పేజీ తెల్లగనే ఉండె. ఏం జేస్కుంటం దాన్ని?”

మంగమ్మ కోప్పడలేదు. “వీడియో కాల్ పెడుత, సూడు,” అంది.

తెర మీద మంగమ్మ ఇంటి గోడ. నడుమెత్తున బురద చార. దాని కిందంతా మట్టిరంగు. పైన, పొడిగా ఉన్నచోట, బొగ్గుతో రాత: ఎవరింట్లో తలదాచుకున్నదీ, ఎవరి గేదె కొట్టుకుపోయిందీ.

“వరద తీసినంక గిట్ల రాస్త. మల్ల సున్నం ఏసే ముందల నోట్‌బుక్కుల ఎక్కిచ్చుకుంట, గోడ మీద ఏడున్నదో ఆడ్నే.”

హర్షిత పాత ఫైల్ తెరిచి ఒక్కో పేజీ తిప్పింది. ఒక ఏడు రాత పేజీ నడుము దాకా ఉంది. మరో ఏడు పైకి జరిగింది. ఇంకో ఏడు మూడే మూడు వాక్యాలు పైఅంచుకు చేరి బిక్కుబిక్కుమంటున్నాయి. కిందంతా తెల్లగా, నిండుగా నీళ్లు. పది రోజులుగా చెత్త చెత్త అని తిట్టుకుంటూ తాను ఊడ్చిపారేసింది గోదారిని. అంత నదినీ ఇంత పుస్తకంలో పట్టిన మనిషికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

“తప్పయింది అవ్వా. అక్షరాలు పెద్దగైనా, ఏ ఏడు జాగా ఆ ఏడు రాత కింద ఉండేటట్టు చేస్త. ఆరింటి దాక టైమున్నది.” అంటూనే కోడ్ తెరిచింది. “ఆ ఖాళీ పేజీ గూడ పెడుత. ఆ ఏడు వరద రాలేదన్నట్టు, అంతేగా?”

మంగమ్మ ఫోన్‌ని గోడ వెంట మెల్లగా పైకప్పు దాకా ఎత్తింది.

“ఆ ఏడు నీళ్లు కప్పు మీదికెల్లి పోయినయ్ బిడ్డా. రాయటానికి పొడి గోడ లేదు.”