అరికాలు

ఆపరేషనైన నాలుగోనాడు దవాఖానకు పోయి మా దోస్తు రయీస్‌గాని కాళ్లకాడ కూసున్న. వరంగల్ కొత్తవాడల జంపఖానాలు నేసెటోడు వాడు. కాళ్లు పనిచెయ్యకుంటే మగ్గం తొక్కుడు బందే.

వాని వెన్నుపాముల కొవ్వుగడ్డ పుట్టింది. "కేన్సర్ గాదు. గని నరాలకు అతుక్కపోయింది. మొత్తం తీస్తే నరాలే తెగుతయి, అందుకే తీసినకాడికి తీసి ఆపినం. పాదాలకు స్పర్శ మళ్ల వస్తదో రాదో చెప్పలేం" అన్నడు డాక్టరు.

"ఒంటి మీద కండ లేదు గని, లోపల ఇంత కొవ్వెక్కిందారా నీకు?" అన్న నేను. రయీస్ నవ్విండు. వాని పెండ్లాం నుస్రత్ నవ్వలే.

చిన్నప్పటిసంది నాకొక పాడలవాటు. వాడు కునుకు తీస్తే చాలు, అరికాలు గీకుత. వాడు ఎగిరిపడి నా ఏడుతరాలను తిడుతడు. ఆ తిట్లు వినాలని ఇప్పుడు గూడ దుప్పట్లకు చెయ్యి పోనిచ్చిన.

"తియ్‌రా చెయ్యి, లుచ్చా! కితకితలైతున్నయ్!" అని ఒర్రిండు.

నుస్రత్ ఏడ్సుకుంటనే నవ్వింది. "అన్నా, స్పర్శ వచ్చింది! అమ్మీకి ఫోన్ చేసొస్త" అని బయటికురికింది.

భయమై అప్పటిదాంక నేను వాని కాలు ముట్టనే లేదు. నా చెయ్యి ఉత్త పరుపు మీద ఉన్నది.

రయీస్ తలుపు దిక్కు చూసి మెల్లగ అన్నడు: "నుస్రత్ బయటికి పోయింది గదరా. ఇగ నిజంగ గీకు, చూద్దాం."

అప్పటికే నేను వాని అరికాలు గోరు దిగేటట్టు గీకుతున్న.