సారె బండి

ఎర్రకళ్ల తాగుబోతు ఒకడు రెండు ఆదివారాలుగా వాళ్ల కారు చుట్టూ తిరుగుతున్నాడని ఎదురింటి గిడ్డమ్మ స్వర్ణలత చెవిన వేసింది.

స్వర్ణలత దానికి కాస్త ఉప్పూకారం చల్లి మొగుడికి వడ్డించింది.

"కండ్లు పండు మిరపకాయల మాదిరి ఉండాయంట. కారు కింద పండుకొని చూస్తాండాడంట. బ్యాటరీకే వచ్చింటాడు, ఇంకేముండాది ఆ డొక్కులో?"

ఆ డొక్కు గురించే ఓబులేసు దిగులంతా.

పదిహేనేళ్ల కారు. వారానికి రెండుసార్లు అమ్మను డయాలిసిస్‌కు పత్తికొండ నుంచి కర్నూలు తీసుకుపోయేది అదే. పోయిన నెల కోడుమూరు దగ్గర పొగలు కక్కి నిలబడిపోయింది. రెండు గంటలు ఎండలో కూర్చున్న ముసలామె కాళ్లు దిమ్మల్లా వాచాయి. అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం వచ్చాయంటే ఎవరి బండినో బతిమాలుకోవాలి.

బాగు చేయించాలా, మార్చాలా?

"మార్చేయ్ బావా," అన్నాడు బామ్మర్ది భూపేష్. కర్నూలులో అతనికి పాత కార్లు కొని అమ్మే యార్డు ఉంది. "ముసలెద్దుకు నాడాలు కొట్టించి ఏం లాభం? దాన్ని నాకిచ్చేయ్. మూడేండ్ల బండి ఒకటుండాది. సగం ధరకే ఇస్తా. మిగిలిన సగం అక్కకు సారె అనుకో."

మూడో ఆదివారం ఓబులేసు కాపు కాసి మనిషిని పట్టుకున్నాడు. నిజంగానే కారు కింద ఉన్నాడు.

"ఎవడప్పా నువ్వు? బయటికి రా!"

మనిషి మెల్లగా జరిగి లేచాడు. గిడ్డమ్మ అబద్ధం చెప్పలేదు, కళ్లు ఎర్రగానే ఉన్నాయి. చొక్కా నిండా చిన్నచిన్న బొక్కలు.

"మాది కోడుమూరన్నా. దీని ఇంజను రాయి మాదిరి ఉండాది. రేడియేటరు ఒక్కటే పోయింది. మార్పించుకో, ఇంకా ఐదేండ్లు అమ్మను తిప్పుతాది."

"నిన్ను అడిగినానా?"

"అడగలే. ఆ కొత్తది మాత్రం తీసుకోవద్దన్నా. తీసుకునేటట్లయితే కాళ్ల కింద పట్టా ఎత్తి చూసి తీసుకో."

"మా ఇంటి బేరం నీకెవరు చెప్పినారు?"

"అది అడగొద్దన్నా. పిల్లలుండారు నాకు."

ఓబులేసుకు ఒళ్లు మండింది. "పొద్దున్నే తాగొచ్చి మా బామ్మర్ది మీద చాడీలా? నడువు!"

మెడ పట్టి వాకిలి దాటించాడు. మనిషి తూలలేదు, వాసనా రాలేదు. ఆ సంగతి ఓబులేసుకు తర్వాతెప్పుడో తట్టింది.

అప్పటికప్పుడు భూపేష్‌కు ఫోన్ చేసి నవ్వుతూ చెప్పాడు. "ఎర్రకండ్లోడు, కోడుమూరంట. నీ బండికి పట్టా ఎత్తి చూడమంటాడప్పా!"

భూపేష్ కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వాడు.

గురువారం కొత్త బండి వచ్చింది. అద్దానికి పసుపు బొట్లు, ముందర బంతిపూల దండ. గిడ్డమ్మే గుమ్మడికాయతో దిష్టి తీసింది. పాతదాన్ని భూపేష్ మనుషులు కట్టి లాక్కుపోయారు.

అందరూ లోపలికి పోయాక ఓబులేసు తలుపు తెరిచి వంగాడు. చేయి పట్టా అంచు దాకా పోయింది.

"ఏంది చూస్తాండావు?" వెనక నుంచి స్వర్ణలత. "ఎవడో తాగుబోతు చెప్పినాడని మా తమ్ముడు పెట్టిన సారెను తూకం వేస్తావా? చీర పెడితే చినిగుండాదేమోనని మడత విప్పి చూస్తారా యాడన్నా?"

నిజమే. పుట్టింటి సారెను విప్పి చూసే ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు.

చేయి వెనక్కి తీసుకున్నాడు.

కొత్త బండి వచ్చిన నాలుగో వారం, మంగళవారం. కోడుమూరుకు ఇవతల చిన్న గుంత. గుంత కూడా కాదు, రోడ్డు వేసినవాళ్లు మరిచిపోయిన చోటు.

ఫట్‌మని శబ్దం. నాలుగు తలుపులూ బిగుసుకుపోయాయి. వెనక సీట్లో స్వర్ణలత పక్కన కూర్చున్న అమ్మ కేక పెట్టింది.

"ఓబులేసూ, కాళ్ల కింద రోడ్డు కనపడతాందిరా!"

అద్దం పగలగొట్టి ఆమెను బయటికి తీశారు. స్వర్ణలత అత్తను 108లో ఎక్కించుకుని కర్నూలు పోయింది. బండిని ట్రాక్టరుతో ఈడ్చి, ఊరి మొదట్లో కొత్తగా వేసిన వెల్డింగ్ షెడ్డు ముందు నిలిపారు.

ఓబులేసు భూపేష్‌కు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"గుంతలో పడితే యా బండైనా అంతే బావా! కంపెనీ నుంచి వచ్చిన బాడీ అది, ఎవడూ చెయ్యి పెట్టలే. కావాలంటే ఆడుండేవాణ్ని ఎవణ్నైనా అడుగు!"

షెడ్డులో ఇనుప గేటు అతుకుతున్న మనిషి మంట ఆపాడు. మొహం మీది నల్ల అద్దం పైకెత్తాడు.

అవే కళ్లు. మంట చూసి చూసి పండు మిరపకాయలైన కళ్లు.

లేచి వచ్చి, పగిలిన అద్దంలోంచి చేయి పెట్టి పట్టా లాగి అవతల పారేశాడు. బండి అడుగు రేకు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకటే గీత, కడుపు కోసి కుట్టినట్టు. సగం దూరం కుట్లు విడిపోయి ఉన్నాయి. ముందర సగం ఒక బండిది, వెనక సగం ఇంకో బండిది.

ఓబులేసు అతని వైపు తిరిగాడు. "ఆ పొద్దే నీకెట్ల తెలుసప్పా?"

అతను ఓబులేసు వైపు చూడలేదు. ఫోను వైపు చూస్తూ అన్నాడు.

"ఆయన యార్డులో ఈ రెండు ముక్కల్నీ అతికించింది నేనే కదన్నా. జబ్బు మనిషి ఎక్కుతాదని తెలిసి చెప్పనీకి వస్తే, ఫోన్ చేసి నా పని తీయించింది నువ్వే."