కోడిగుడ్లు కోసే మిషను

నానక్‌రామ్‌గూడలో మా అపార్టుమెంటు సెల్లారులో నా మనవరాలు రోహిణి ఒక మిషను నిలబెట్టింది. అది రెండు చైన్లకు వేలాడుతూ, కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోస్తుంది. పైన ఆ చైన్లను లాగే రెండు మోటార్ల మధ్య దూరం కంప్యూటర్‌కు కావాలంటే నేనే కొలిచి చెప్పాను. వడ్రంగిని నేనుండగా ఇంకెవరు కొలుస్తారు?

తీరా గుండ్రం కోయమంటే అది కోడిగుడ్డు ఆకారం కోసింది.

"నలభై ఏండ్ల సంది రంపం పట్టిన. ఇది గుండ్రం కోస్తే నా మీసం తీసేస్త," అన్నాను.

"మాట మీదుండు తాతా!" అని రోహిణి చైన్లు బిగించింది. మళ్లీ గుడ్డే వచ్చింది.

"ఇంకొకటి పెట్టనీయ్ బిడ్డా, ఆమ్లెట్ ఏస్కుందం."

ఉక్రోషంతో ఆమె నా టేపు లాక్కుని చూసింది.

"తాతా, దీని మొదటి అంగుళమేది?"

"ఇరిగి శానేండ్లాయె. ఒకటి కాన్నుంచి పట్టుకుంట."

"మరి మోటార్ల లెక్క చెప్పేటప్పుడు ఆ ఒకటి తీసేసినవా?"

తీసేయలేదు. కొలిచేదీ, కోయడానికి గీత పెట్టేదీ అదే టేపుతో కాబట్టి ఇన్నేళ్లూ నాకు తేడా రాలేదు.

రోహిణి కంప్యూటర్లో అంగుళం తగ్గించింది. ఈసారి తెగిన చెక్క కిందపడి, కార్ల మధ్య నుంచి గేటు దాకా దొర్లింది. ఆమె దాని వెనక ఎగురుతూ పరుగెత్తింది.

"తాతా, బ్లేడు తేవాల్నా?"

"తే బిడ్డా!" అన్నాను, నవ్వు ఆపుకోలేక.

ఈ ఇంట్లో నేను చెప్పిన మాటకు ఎదురు చెప్పకుండా, చెప్పింది చెప్పినట్టు చేసింది ఈ మిషనొక్కటే. దానికోసం మీసమేం, గడ్డం కూడా తీసేస్తాను.