ఐదో ఫౌల్

ఆ ఐదో ఫౌల్ నిజంగా ఫౌలేనా?

కెప్టెన్ మనసులో ఈ ప్రశ్న ఏళ్ళుగా నలుగుతూనే ఉంది. తన చెయ్యి ఎదుటి పిల్లకి తగల్లేదు. దేవుడి మీద ఒట్టేసి చెప్పగలదు.

అది సీజన్ చివర్లో సెమీఫైనల్. కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు అంతదూరం రావడం అదే మొదలు.

ఆటకి ముందు జట్టంతా ఎప్పటిలాగే జిమ్ గోడ మీది ఫొటో దగ్గర ఆగింది. ఫొటోలో నవ్వుతున్న అమ్మాయిని అంతా 'నవ్వులక్క' అనేవాళ్ళు. అసలు పేరు ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ఎప్పుడో ఇదే కోర్టులో తలకి దెబ్బ తగిలినా ఆడుతూనే ఉండి, కుప్పకూలి మరి లేవని అమ్మాయి అని మాత్రం తెలుసు.

ఆమె భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంది. ఆ మనిషిని ఫొటోలోంచి కత్తిరించేశారు.

ఆ చేతిని తాకి దిగితే గెలుపు ఖాయమని అమ్మాయిల నమ్మకం.

"దీవెన చెయ్యీ, దయ చూడు తల్లీ," అంటూ కెప్టెన్ అద్దాన్ని తాకి కళ్ళకద్దుకుంది.

రెండో క్వార్టర్‌లో ఎవరిదో మోచెయ్యి తగిలి వెల్లకిలా పడింది. తల నేలకి ఠంగుమంది.

"లే, లే! పూలపాన్పు అనుకున్నావా?" అని కోచ్ అరిచాడు.

లేచింది. ఆడింది.

మూడో క్వార్టర్‌లో బంతి పట్టుకుని సొంత బాస్కెట్ వైపే పరిగెత్తింది.

"ఒసే, మనం వెయ్యాల్సిన బుట్ట అటు కాదే మొద్దూ!" జట్టంతా పకపకా నవ్వింది.

రిఫరీ నవ్వలేదు. నెరిసిన జుట్టు, బక్కపలచటి మనిషి. ముక్కుసూటి ఈలకి భయపడి అమ్మాయిలు ఆమెకి 'ఈల పిన్ని' అని పేరు పెట్టారు.

దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఇది ఎన్నో క్వార్టర్ అమ్మా?"

"రెండోది."

ఆ జవాబు కెప్టెన్‌కి గుర్తు లేదు. తర్వాత తోటివాళ్ళు చెప్పుకుని నవ్వితేనే తెలిసింది.

ఈల పిన్ని కోచ్ దగ్గరికి వెళ్ళింది. "సార్, ఆ పిల్లని కూర్చోబెట్టండి."

"మీ పని ఈల ఊదడం. నా జట్టు సంగతి నేను చూసుకుంటా."

ఆమె కోర్టులోకి తిరిగి వచ్చింది. ఆట మొదలైంది. కాసేపటికే ఈల మోగింది.

కెప్టెన్ మీద ఫౌల్. ఐదోది. అంటే ఇక ఆటలోంచి బయటికే.

"నేను ముట్టుకోనైనా లేదు!"

"వెళ్ళి కూర్చో అమ్మా."

ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

ఆట ముగిశాక రెండు జట్లూ వరసగా వచ్చి రిఫరీకి చెయ్యి కలిపి వెళ్ళడం రివాజు. ఈల పిన్ని చెయ్యి చాపింది.

కెప్టెన్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"తగలకుండానే ఫౌల్ ఇచ్చారుగా! ఈ చెయ్యి ఇప్పుడూ తగలదు లెండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ చెయ్యి కాసేపు గాల్లో ఆగి, మెల్లగా జేబులోకి వెళ్ళిపోయింది.

రాత్రి హాస్టల్లో కెప్టెన్‌కి ఒకటే వాంతులు. ఓడిన దిగులే అనుకున్నారంతా.

కోచ్ పైఅధికారులకి ఫిర్యాదు చేశాడు. "అది ఫౌలేనా?" అని వాళ్ళు నిలదీస్తే ఈల పిన్ని తల వంచుకుందట. ఇక ఆమెని ఏ ఆటకీ పిలవలేదు.

ఆ కబురు విని జట్టంతా చప్పట్లు కొట్టింది.

ఏళ్ళు గడిచి, ఇప్పుడు అదే జట్టుకి ఆనాటి కెప్టెనే కోచ్. అయినా అందరూ 'కెప్టెన్ మేడమ్' అనే పిలుస్తారు. మళ్ళీ సీజన్ చివర, మళ్ళీ సెమీఫైనల్.

జట్టులో చురుకైన పిల్ల, అందరూ 'బొంగరం' అనేది, తల నేలకి కొట్టుకుని లేచి నిలబడింది.

కెప్టెన్ నోటివెంట ఆ ప్రశ్న ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఇది ఎన్నో క్వార్టర్ అమ్మా?"

బొంగరం బిక్కమొహం వేసింది. "మొదటిదేగా మేడమ్?"

ఆట చివరి క్వార్టర్‌లో ఉంది.

"వచ్చి కూర్చో."

"ఓడిపోతాం మేడమ్!"

"ఓడిపోదాం. కూర్చో."

ఓడిపోయారు. బొంగరం ఆమె మొహం కూడా చూడలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బొంగరం తల స్కాన్ ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూసింది. "ఇంకో దెబ్బ తగిలుంటే ఈ పిల్ల మీకు దక్కేది కాదు. ఎవరో గానీ సమయానికి బయటికి లాగారు."

కెప్టెన్ చెవుల్లో ఆనాటి ఐదో ఫౌల్ ఈల మోగింది.

మర్నాడే వాకబు చేసుకుంటూ ఈల పిన్ని ఇంటికి వెళ్ళింది. ఆమె చెల్లెలు తలుపు తీసింది.

"అక్క పోయి ఏడాది దాటిందమ్మా. మీరెవరు?"

కెప్టెన్ చెప్పింది. చెల్లెలు ఆమెని ఎగాదిగా చూసింది.

"ఆ ఐదో ఫౌల్ పిల్లవా! అది ఫౌల్ కాదమ్మా. అబద్ధపు ఈల ఊదానని అక్క రోజూ దేవుడి ముందు లెంపలేసుకునేది. మళ్ళీ అవసరమైతే మళ్ళీ ఊదుతాననీ ఆయనకే చెప్పేది."

ఆ అబద్ధాన్ని దేవుడు ఏ ఖాతాలో వేశాడో!

"ఒక్కసారి... ఎందుకో నాతో చెప్పి ఉండొచ్చు కదండీ?"

"ఏం చెబుతుంది? అందరికీ చెప్పుకునే సంగతా అది? దాని తర్వాతే అక్క ఈల పట్టుకుంది." చెల్లెలు పక్కకి తప్పుకుని గోడ వైపు చూపించింది.

కెప్టెన్ కుడిచెయ్యి చాపి, ఆనాడు బాకీపడిన స్పర్శని అద్దం మీద పెట్టింది: అది నవ్వులక్క ఫొటోయే, కత్తిరించనిది, కూతురి భుజం మీద ఆ దీవెన చెయ్యి వేసి ఈల పిన్ని నవ్వుతోంది.